మనోధర్మం – శాస్త్రం

(వీణ మెట్ల నుంచి గిటారు మెట్ల వరకు)

కచ్చేరిలో గాయకుడు కీర్తనను ఆరంభించడానికి ముందు కొంతసేపు రాగాలాపన చేస్తాడు. ఆ ఆలాపనను ఎవరూ ముందుగా రచించి పెట్టలేదు. నిన్న పాడినది నేడు పాడడు. నేడు పాడినది రేపు అదే రూపంలో వినిపించదు. విద్యుత్ గిటారు చేతపట్టిన రాక్ సంగీతకారుడు కూడ పాట నడుమ గాయకుడు విరామం తీసుకున్నపుడు ముందుకు వచ్చి, అప్పటికప్పుడు కొన్ని స్వరాలను కూర్చి సోలో వాయిస్తాడు. అదీ లిఖితం కాదు. ఈ విధంగా తక్షణ కల్పనతో వెలువడే సంగీతాన్ని మన పెద్దలు ‘మనోధర్మ సంగీతం’ అన్నారు. ఈ పేరులోనే ఒక చక్కని సంగతి ఇమిడి ఉన్నది. మనస్సు స్వేచ్ఛను కోరుతుంది. ధర్మం నియమాన్ని కోరుతుంది. ఈ రెండూ కలిసిన చోట మనోధర్మం జనిస్తుంది.

అయితే సంగీతం నేర్చుకొనే యువకులను తరచుగా ఒక సందేహం బాధిస్తుంది. శాస్త్రం ఎక్కువగా చదివితే సహజమైన భావం ఎండిపోతుందా? నియమాలు తెలియనివాడే స్వేచ్ఛగా వాయించగలడా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. ముందు మన విజయనగరం వెళ్దాం.

విజయనగర సంస్థానాధిపతి విజయరామ గజపతిరాజు 1919లో అక్కడ సంగీత కళాశాలను స్థాపించారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు ఆ కళాశాలకు మొదటి అధ్యక్షులు. 1864లో అజ్జాడ గ్రామంలో జన్మించిన దాసుగారు గానం, నాట్యం, కవిత్వం, లయ అనే నాలుగింటినీ ఒకే వేదికపై నడిపించిన ప్రతిభాశాలి. ఆ కళాశాలలో వాయులీనం బోధించడానికి నియుక్తులైనవారు ద్వారం వెంకటస్వామినాయుడు. 1893లో జన్మించిన నాయుడుగారికి చిన్ననాటి నుండి చూపు మందం. అన్నగారి వద్ద ఫిడేలు నేర్చి, ప్రధానంగా చెవినే గురువుగా చేసుకొని సాధన చేశారు. విద్యార్థిగా చేరాలని విజయనగరం వెళ్ళి, తన వాదనపటిమతో అధ్యాపక పదవినే పొందారని ప్రసిద్ధి. 1936లో ఆయన ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. 1941లో సంగీత కళానిధి బిరుదును, 1957లో పద్మశ్రీని అందుకున్నారు. ఘంటసాల వెంకటేశ్వరరావు, పి. సుశీల వంటి గాయకులు ఆ కళాశాలలో విద్యనభ్యసించినవారే.

నాయుడుగారి చేతిలోని ఫిడేలు మన దేశంలో పుట్టిన వాద్యం కాదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. పందొమ్మిదవ శతాబ్దారంభంలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా వాద్యకారుని వద్ద దానిని నేర్చి, కర్ణాటక సంగీతానికి అనువుగా మలిచారు. ఒక శతాబ్దం గడిచేసరికి అది మన వాద్యమే అయిపోయింది. అప్పటివరకు పక్కవాద్యంగా ఉన్న దానిని ప్రధాన వాద్యంగా కచ్చేరి వేదికపై నిలిపిన ఘనత ద్వారం వారికి దక్కుతుంది. కాబట్టి పరాయి వాద్యం, మన వాద్యం అనే భేదం శాశ్వతమైనది కాదు. ఫిడేలు నడిచిన దారిలో గిటారు కూడ నడవవచ్చు.

నిజానికి గిటారుకు మన వీణ ఫిడేలుకంటె దగ్గరి చుట్టం. విజయనగరం జిల్లా బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో శిల్పులు ఒకే పనసమానును తొలిచి వీణను తయారుచేస్తారు. ఆ వీణకు 24 మెట్లు ఉంటాయి. ఒక స్థాయిలో 12 స్వరస్థానాలు. రెండు స్థాయిలకు 24 మెట్లు. గిటారు మెడపై కూడ ఇటువంటి మెట్లే ఉంటాయి. ఏ తీగపైనైనా పన్నెండవ మెట్టు వద్ద మీటితే, విడితీగ పలికిన స్వరమే పై స్థాయిలో పలుకుతుంది. వైణికుడు మెట్టుమీద తీగను పక్కకు లాగి పై స్వరాన్ని అందుకొంటాడు. గిటారు వాద్యకారుడూ అదే పని చేసి దానిని ‘బెండింగ్’ అంటాడు. పేర్లు వేరైనా చేతివేళ్ళకు తెలిసిన రహస్యం ఒక్కటే.

ఇక శాస్త్రంలోకి ప్రవేశిద్దాం. షడ్జమం నుండి తారషడ్జమం వరకు గల దూరాన్ని పన్నెండు మెట్లుగా భావించండి. విడితీగను షడ్జమం అనుకొని, అదే తీగపై వరుసగా 2, 4, 5, 7, 9, 11, 12 మెట్లను మీటితే మనకు శంకరాభరణం స్వరస్థానాలు వినిపిస్తాయి. పాశ్చాత్యులు దీనిని మేజర్ స్కేల్ అనీ, అయోనియన్ మోడ్ అనీ అంటారు. స్వరాల నడుమ దూరాలను లెక్కిస్తే 2, 2, 1, 2, 2, 2, 1 అని వస్తుంది. ఐరోపా బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు సాహిత్యం కూర్చిన నోట్టుస్వరాలు ఈ శంకరాభరణంలోనే ఉండడం యాదృచ్ఛికం కాదు.

ఇప్పుడు స్వరాలను మార్చకుండా ఆధారస్వరాన్ని మాత్రమే మార్చి చూద్దాం. శంకరాభరణంలోని రిషభాన్ని షడ్జమంగా భావించి అవే స్వరాలను పలికిస్తే దూరాల వరుస 2, 1, 2, 2, 2, 1, 2 అవుతుంది. అది ఖరహరప్రియ, పాశ్చాత్యుల డోరియన్. గాంధారం నుండి మొదలుపెడితే తోడి, వారి ఫ్రిజియన్. మధ్యమం నుండి కల్యాణి, వారి లిడియన్. పంచమం నుండి హరికాంభోజి, వారి మిక్సోలిడియన్. ధైవతం నుండి నఠభైరవి, వారి ఏయోలియన్. ఈ ప్రక్రియను మన శాస్త్రకారులు ‘గ్రహభేదం’ అన్నారు. హార్మోనియంపై తెల్లమెట్లను మాత్రమే వాడుతూ, మొదలుపెట్టే మెట్టును మారుస్తూ పోతే ఎవరైనా దీనిని స్వయంగా వినవచ్చు.

మిగిలినది నిషాదం. దానిని షడ్జమం చేస్తే లోక్రియన్ అనే ఏడవ మోడ్ వస్తుంది. కాని మన 72 మేళకర్తలలో దానికి చోటు లేదు. కారణం స్పష్టమే. షడ్జమానికి ఏడవ మెట్టున పంచమం ఉండాలి. నిషాదాన్ని షడ్జమంగా తీసుకొంటే ఆరవ మెట్టున స్వరం ఉంటుంది గాని ఏడవ మెట్టున ఉండదు. పంచమం లేని మేళం మన పద్ధతిలో నిలువదు. తంబురాలో షడ్జమంతోపాటు పంచమం నిరంతరం మ్రోగుతూ ఉండే సంప్రదాయంలో ఇది సహజమైన నియమమే. రాక్ వాద్యకారులు సైతం ఆ మోడ్‌ను అరుదుగానే ఆశ్రయిస్తారు. ఆధారస్వరానికి పంచమం తోడు లేకపోవడంవల్ల అది ఎక్కడా విశ్రమించనట్లు తోస్తుంది.

రాక్ గిటారు నేర్చేవారు మొట్టమొదట అభ్యసించేది ఏడు స్వరాల మోడ్ కాదు. అయిదు స్వరాల ‘మైనర్ పెంటటోనిక్’. అమెరికాలోని నల్లజాతి ప్రజల బ్లూస్ సంగీతం నుండి రాక్ సంగీతానికి సంక్రమించిన ఆస్తి అది. దాని స్వరాలు షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. మన శుద్ధ ధన్యాసి స్వరస్థానాలు ఇవే. మనకు చిరపరిచితమైన మోహనరాగంలోని ధైవతాన్ని షడ్జమంగా మార్చితే ఈ స్వరాలే వస్తాయి. అదే మోహనంలో రిషభాన్ని ఆధారం చేస్తే మధ్యమావతి, గాంధారాన్ని చేస్తే హిందోళం, పంచమాన్ని చేస్తే శుద్ధ సావేరి ఏర్పడతాయి. ఒక్క అయిదు స్వరాల కుటుంబం నుండి అయిదు ముఖాలు! అయిదు స్వరాల వరుసలో అర్ధస్వర దూరాలు లేనందువల్ల ఏ స్వరం పక్కన ఏది వాయించినా చెవికి కటువుగా ఉండదు. కొత్తవారికి అది అభయహస్తం వంటిది. కాని ఎల్లకాలం అక్కడే ఉండిపోతే వాదనం ఒకే రీతిగా మారి విసుగు పుట్టిస్తుంది. అప్పుడే మోడ్‌ల అవసరం కలుగుతుంది.

ఇక్కడ మన సంగీతానికీ రాక్ సంగీతానికీ ఒక ముఖ్యమైన భేదాన్ని గుర్తించాలి. మన కచ్చేరిలో తంబురా శ్రుతి ఆద్యంతం మారదు. రాక్ సంగీతంలో సోలో వెనుక కార్డులు మారుతూ ఉంటాయి. కార్డు అంటే ఒకేసారి మ్రోగే మూడు, నాలుగు స్వరాల గుచ్ఛం. వాద్యకారుడు ఏ మోడ్‌ను ఎన్నుకోవాలో ఆ స్వరగుచ్ఛాలే సూచిస్తాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. వెనుక డి మైనర్, జి మేజర్ అనే రెండు కార్డులు మార్చి మార్చి మ్రోగుతున్నాయి. డి మనకు షడ్జమం. మొదటి కార్డులో షడ్జమం, సాధారణ గాంధారం, పంచమం ఉన్నాయి. రెండవ కార్డులో శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, షడ్జమం ఉన్నాయి. అయిదు స్వరాల శుద్ధ ధన్యాసిలో ధైవతమే లేదు. రెండవ కార్డు ఆ లోటును పూరించి, ఇక్కడ వాయించవలసినది చతుశ్రుతి ధైవతమని చెప్పకనే చెబుతున్నది. అనగా డోరియన్, లేదా ఖరహరప్రియ స్వరస్థానాలు పొసగుతాయి. రెండవ కార్డు జి మైనర్ అయి ఉంటే అందులో శుద్ధ ధైవతం పలికేది; అప్పుడు ఏయోలియన్, అనగా నఠభైరవి స్వరస్థానాలు తగినవి. ఒక్క ధైవతం ఒక్క మెట్టు దిగితే సోలో స్వభావమే మారిపోతుంది. మొదటి దానిలో కొంత వెలుగు కనిపిస్తుంది. రెండవ దానిలో విషాదఛాయ చిక్కబడుతుంది.

అదే విధంగా డి మేజర్ తరువాత సి మేజర్ వచ్చి, మరల డి మేజర్‌కు చేరుతున్నదనుకోండి. మొదటి కార్డు అంతర గాంధారాన్నీ, రెండవ కార్డు కైశికి నిషాదాన్నీ ఇస్తున్నాయి. అది మిక్సోలిడియన్‌కు, మన హరికాంభోజికి గుర్తు. షడ్జమం సి అయి, సి మేజర్, డి మేజర్ కార్డులు మార్చి మార్చి మ్రోగితే రెండవ కార్డులో ప్రతిమధ్యమం వినిపిస్తుంది. అది లిడియన్‌కు, కల్యాణికి ద్వారం తెరుస్తుంది. ఈ లెక్క తెలిసినవాడు తడుముకోడు. పాటను ఒక్కసారి వినగానే తనకు అందుబాటులో ఉన్న దారులను గ్రహిస్తాడు.

పాశ్చాత్యులు ఈ మోడ్‌ల ఆధారంగా మనోధర్మాన్ని విస్తృతంగా సాగించడం ఇరవయ్యవ శతాబ్దపు నడుమ ప్రబలమైంది. 1959లో జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అనే రికార్డును వెలువరించాడు. అంతకుముందు జాజ్ వాద్యకారులు వేగంగా మారే కార్డుల వెంట పరుగుతీసేవారు. అతడు కార్డులను తగ్గించి, ఒకే మోడ్‌పై చాలాసేపు నిలిచి కల్పన చేసే పద్ధతిని చూపాడు. ఒక రాగంలో నిలిచి విస్తరించే మన ఆలాపనకు ఇది ఎంతో సన్నిహితం. 1970లో కార్లోస్ సాంటానా బృందం వెలువరించిన ‘అబ్రాక్సస్’ రికార్డులో డోరియన్ ఛాయ రాక్ శ్రోతలకు సుపరిచితమైంది.

అంతటితో ఆగక, కొందరు మన సంగీతాన్నే ఆశ్రయించారు. ఇంగ్లండుకు చెందిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ వీణ నేర్చుకొన్నాడు. 1970ల నడుమ భారతీయ విద్వాంసులతో కలిసి ‘శక్తి’ బృందాన్ని నడిపాడు. గమకాలు పలకడానికి వీలుగా మెట్ల నడుమ కొయ్యను లోతుగా తొలిపించి, అనురణన తీగలను అదనంగా అమర్చిన గిటారును ప్రత్యేకంగా చేయించుకొన్నాడు. మరొకవైపు మన పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించి లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. తరువాతి కాలంలో ఈ ఇద్దరూ ఒకే వేదికపై కలిసి వాయించారు. 2014లో శ్రీనివాస్ మరణించేనాటికి ఆ చిన్న పాశ్చాత్య వాద్యం తెలుగువారి వాద్యంగా పేరుపొందింది.

అయితే ఒక హెచ్చరిక అవసరం. డోరియన్, ఖరహరప్రియ ఒకటే అని తీర్మానించడం పొరపాటు. వాటి స్వరస్థానాలు మాత్రమే ఒకటి. రాగం అంటే స్వరాల పట్టిక కాదు. ఏ స్వరాన్ని కదిలించాలి, దేనిని నిలకడగా పలకాలి, ఎక్కడ విశ్రమించాలి, ఏ ప్రయోగాన్ని పరిహరించాలి అనేవన్నీ కలిస్తేనే రాగం. ఆరభి, దేవగాంధారి రాగాల ఆరోహణావరోహణలు ఒకటే అయినా తెలిసిన శ్రోత వాటిని క్షణంలో వేరుపరుస్తాడు. ఒకే అక్షరాలతో రాసినా ఇద్దరి దస్తూరి వేరుగా ఉన్నట్లే ఇదీ. మోడ్ విషయంలోనూ ఇంతే. దాని స్వరాలను పైకీ క్రిందికీ వేగంగా పరుగెత్తించినంత మాత్రాన సోలో కాదు, అది వ్యాయామం. ప్రతి మోడ్‌కూ ప్రాణస్వరం ఒకటి ఉంటుంది. డోరియన్‌కు చతుశ్రుతి ధైవతం, లిడియన్‌కు ప్రతిమధ్యమం, ఫ్రిజియన్‌కు శుద్ధ రిషభం అటువంటివి. దానిని సరియైన క్షణంలో, సరియైన కార్డుపై నిలపడంలోనే నేర్పు ఉన్నది.

స్వరానికి శాస్త్రం ఉన్నట్లే కాలానికీ శాస్త్రం ఉన్నది. స్వరకల్పన చేసే విద్వాంసుడు చివరకు కీర్తన ఎత్తుగడను ఖచ్చితంగా అందుకోవాలి. ఆదితాళంలో 8 అక్షరాలు; అక్షరానికి 4 మాత్రల చొప్పున ఒక ఆవర్తానికి 32 మాత్రలు. ఏడు మాత్రల స్వరసముదాయాన్ని మూడుసార్లు పలికి, వాటి నడుమ రెండేసి మాత్రల విరామం ఇవ్వాలనుకొన్నామనుకోండి. ఏడు మూళ్ళు ఇరవైయొకటి, రెండు విరామాలకు నాలుగు, మొత్తం 25. అంటే ఆవర్తం మొదలైన 7 మాత్రల తరువాత ఆరంభిస్తే సమానికి సరిగా చేరుతాము. రాక్ సంగీతంలో సాధారణంగా నాలుగు దెబ్బల కొలత ఉంటుంది. దెబ్బకు నాలుగు మాత్రల చొప్పున రెండు కొలతలు కలిస్తే అవే 32 మాత్రలు. కనుక మన తీర్మానాన్ని గిటారు సోలో చివర యథాతథంగా వాడవచ్చు. డ్రమ్ము దెబ్బతోపాటు ఆ చివరి స్వరం పడినపుడు శ్రోతకు కలిగే ఆనందం మృదంగం ముక్తాయింపు వేళ కలిగేదే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. శాస్త్రం భావానికి శత్రువా? స్వరలిపి చదవడం రానివారు సైతం గొప్ప గిటారు విద్వాంసులైన మాట నిజమే; జిమి హెండ్రిక్స్ అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. దీనిని చూపి కొందరు శాస్త్రం అక్కరలేదంటారు. కాని లిపి రాకపోవడం వేరు, శాస్త్రం తెలియకపోవడం వేరు. హెండ్రిక్స్ చెవికి స్వరాల సంబంధాలన్నీ తెలుసు. వాటికి గ్రంథాలలోని పేర్లు ఆయనకు అవసరపడలేదు. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో తప్పెటగుళ్ళు ఆడేవారు, జముకుల కథ చెప్పేవారు తాళశాస్త్ర గ్రంథాలను తిరగవేసి ఉండరు. అయినా సభను బట్టి కథను పెంచుతారు, కుదిస్తారు. లయ మాత్రం తప్పరు. వారి శాస్త్రం పుస్తకంలో లేదు, పాదంలో ఉన్నది. చూపు మందమైన ద్వారం వారి శాస్త్రం చెవిలోనూ వేళ్ళలోనూ ఉన్నది.

అయితే అటువంటి జ్ఞానం పెద్దలతో ఏళ్ళ తరబడి కలిసి మెలిసి వాయించడంవల్ల వచ్చేది. అటువంటి సాంగత్యం లేక ఇంట్లో ఒంటరిగా, చరవాణిలో పాఠాలు చూస్తూ గిటారు నేర్చుకొనే నేటి విద్యార్థికి శాస్త్రమే తోడు. ఆముదాలవలసలోనో, పలాసలోనో ఉన్న బాలుడు ఒక సోలోను విని, అది తన హృదయాన్ని ఎందుకు కదిలించిందో తెలుసుకోవాలనుకొంటే, ‘అక్కడ శుద్ధ ధైవతం ఉండవలసిన చోట చతుశ్రుతి ధైవతం పలికింది’ అని శాస్త్రం చెబుతుంది. అప్పుడు ఆ అందం అతనికి యాదృచ్ఛికంగా దొరికిన వస్తువు కాదు. మరల మరల సాధించుకోగల సొత్తు.

అందువల్ల అభ్యాసక్రమం ఇలా ఉండడం మంచిది. ముందు నచ్చిన సోలోను విని, నోటితో పాడాలి. పాడగలిగిన దానినే తీగపై వెదకాలి. ఆ తరువాత అందులోని స్వరాలను గుర్తించి, వెనుక ఉన్న కార్డులతో వాటి సంబంధాన్ని పరిశీలించాలి. ఆపై అదే మోడ్‌లో మూడు నాలుగు స్వరాలతో మాత్రమే సొంతంగా ఒక చిన్న వాక్యం కల్పించాలి. వాక్యానికీ వాక్యానికీ నడుమ మౌనాన్ని విడిచిపెట్టాలి. ఆలాపనలో విద్వాంసుడు మంద్రంలో మొదలిడి, ఒక్కొక్క స్వరంవద్ద విశ్రమిస్తూ, తారస్థాయిని అందుకొని, తిరిగి షడ్జమానికి చేరినట్లుగా సోలోకు ఒక ప్రయాణరూపం కల్పించాలి. వేదిక ఎక్కిన తరువాత మాత్రం మోడ్ పేర్లను మరచిపోవాలి. మాట్లాడేటపుడు వ్యాకరణ సూత్రాలను తలచుకొంటూ మాట్లాడము గదా!

ఈదడం రానివానికి సముద్రం భయాన్ని మాత్రమే ఇస్తుంది. ఈత వచ్చినవానికి అదే సముద్రం స్వేచ్ఛను ఇస్తుంది. సంగీతంలో ఆ ఈతను నేర్పేది శాస్త్రం. ఈదవలసినది మాత్రం మనస్సే. విజయనగర వాయులీనం నిరూపించిన ఈ సత్యం నేటి గిటారుకూ వర్తిస్తుంది.

ప్రశ్నలు

1. ‘మనోధర్మం’ అనే పదంలోని స్వేచ్ఛ, నియమాల సంబంధాన్ని వివరించండి.

2. గ్రహభేదం అనగానేమి? శంకరాభరణాన్ని ఆధారంగా చేసుకొని సోదాహరణంగా తెలపండి.

3. లోక్రియన్ మోడ్‌కు మేళకర్తలలో స్థానం లేకపోవడానికి కారణమేమి?

4. ‘రాగం అంటే స్వరాల పట్టిక కాదు’ – సమర్థించండి.

5. మీ ప్రాంతంలోని జానపద కళాకారుల ప్రదర్శనను ఒకదానిని చూచి, అందులో అప్పటికప్పుడు కల్పించిన అంశాలను గుర్తించి ఒక వ్యాసం రాయండి.